‘అన్‌నోన్ ప్లెజర్స్’: అపోహలు - వాస్తవాలు

మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన శబ్దాల్ని సరిపాళ్లలో కలపడం) నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్లలో ఎవరో ఒకరు ఆ నల్ల టీషర్టుతో కనిపిస్తూనే ఉంటారు. ఛాతీ మీద ఒకదాని కింద ఒకటిగా ఎగుడుదిగుడు తెల్ల గీతలు. జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ అట్ట మీది బొమ్మ అది. మాంచెస్టర్‌లోని ఫ్యాక్టరీ రికార్డ్స్ 1979 జూన్‌లో విడుదల చేసింది. పది పాటలు, నలభై నిమిషాల లోపే. ఓదార్పు అన్నది మచ్చుకైనా దొరకదు. అయినా దాన్ని కొత్తవాళ్లు వెతుక్కుని మరీ వింటున్నారు. రికార్డింగ్, మిక్సింగ్ నా వృత్తి కాబట్టి, దీని గురించి తరచూ వినపడే కొన్ని మాటలకు నా వైపు నుంచి జవాబు రాస్తున్నాను.

అపోహ: గాయకుడు చిన్న వయసులో చనిపోయాడు కాబట్టే అంత పేరు.

వాస్తవం: ఇయాన్ కర్టిస్ 1980 మే 18న ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. ఆల్బమ్ వచ్చింది అంతకు పదకొండు నెలల ముందు. రాగానే అక్కడి సంగీత పత్రికలు మెచ్చుకున్నాయి గానీ అమ్మకాలు నెమ్మదిగా సాగాయి. మొదట వేసినవి 10,000 కాపీలు. అమ్మకాల చార్టులోకి ఎక్కలేదు. ఆయన పోయాక, 1980 ఆగస్టులో, 71వ స్థానం దాకా వెళ్లింది. ఆ మరణం అమ్మకాలు పెంచిందన్నంత వరకు నిజమే. మరి 2019లో నలభయ్యో ఏటి సందర్భంగా మళ్లీ విడుదల చేసినప్పుడు బ్రిటన్ చార్టులో 5వ స్థానానికి ఎలా చేరింది? అప్పుడు కొన్నవాళ్లలో చాలామంది ఆయన బతికుండగా పుట్టనే లేదు.

ఈ ఆల్బమ్‌ని మరణ వాంగ్మూలంలా వినే అలవాటు నాకు బాధ కలిగిస్తుంది. కర్టిస్ మాక్లెస్‌ఫీల్డ్‌లో దివ్యాంగులకు ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ విభాగంలో పని చేసేవాడు. మూర్ఛ వ్యాధి ఉన్న ఒక అమ్మాయి పని కోసం అక్కడికి వచ్చేది. ఆమె మూర్ఛ వచ్చి చనిపోయిందని తర్వాత ఆయనకు తెలిసింది. ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’ పాట వెనక ఉన్నది ఆ అమ్మాయే. 1979 ఏప్రిల్‌లో రికార్డింగ్ జరిగే నాటికి, ఆయనకే మూర్ఛ ఉందని డాక్టర్లు తేల్చి మూడు నెలలు కూడా కాలేదు. ఎదుటి మనిషి కష్టాన్ని దగ్గర నుంచి చూసినవాడు రాసిన పాటలో ఆయన చావును మాత్రమే వెతకడం అన్యాయం.

అపోహ: దిగులంతా సాహిత్యంలోనే ఉంది. ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోతే ఏమీ ఎక్కదు.

వాస్తవం: ఒక్క ముక్క అర్థం కానివాళ్లు కూడా మొదటి నిమిషంలోనే ‘ఇదేంటి, ఇంత చల్లగా ఉంది’ అంటారు. ఆ చలి ప్రొడ్యూసర్ (ఆల్బమ్ ఎలా వినిపించాలో తేల్చే మనిషి) మార్టిన్ హానెట్ పనితనం. స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో, ఇంజనీర్ క్రిస్ నాగల్‌ను పక్కన పెట్టుకుని చేశాడు. హానెట్ పట్టుదలంతా డ్రమ్ముల మీద. ఒక డ్రమ్ము శబ్దం ఇంకోదాని మైకులో పడకూడదు. ఎక్కడో చిన్న గలగల వినపడినా డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేత కిట్ విప్పించేవాడు. అంత శుభ్రంగా తీసుకున్న శబ్దాన్ని ఏఎంఎస్ కంపెనీ డిజిటల్ డిలే లాంటి యంత్రాల గుండా పంపేవాడు. 1979లో డిజిటల్ డిలే ఇంకా కొత్త వస్తువు.

అది ఏం చేస్తుందో చెబుతాను. ఉదాహరణకు, స్నేర్ (కిట్‌లో చురుగ్గా మోగే డ్రమ్ము) దెబ్బ పడ్డాక అదే దెబ్బను సెకనులో యాభయ్యో వంతు ఆలస్యంగా, కాస్త తగ్గించి మళ్లీ వినిపించామనుకోండి. చెవికి అది రెండో దెబ్బలా తోచదు. ఆ కాసేపట్లో శబ్దం దాదాపు ఏడు మీటర్లు వెళ్తుంది. పోను మూడున్నర, రాను మూడున్నర. అంటే మూడున్నర మీటర్ల అవతల ఒక గట్టి గోడ ఉందని చెవి లెక్క వేసుకుంటుంది. సామాన్లన్నీ ఎత్తేసిన ఇంట్లో చప్పట్లు కొడితే అచ్చంగా ఇలాగే ఉంటుంది. పైగా హానెట్ ఆ గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని తనకు నచ్చినంత బిగువుగా, పొడిగా మార్చుకోగలిగాడు. దాంతో లోకంలో ఎక్కడా లేని గది ఒకటి తయారైంది.

ఆ గదిలో ఎవర్ని ఎక్కడ నిలబెట్టాడో కూడా వినండి. మామూలుగా రాక్ మిక్స్‌లో గిటార్ మీద పడేలా ముందుంటుంది. ఇక్కడ చాలాచోట్ల వెనక్కి నెట్టేశాడు. ‘ఇన్‌సైట్’ పాటకు కర్టిస్ గొంతును టెలిఫోన్ లైను మీదుగా రికార్డు చేశాడు, మనిషి దూరంగా ఉన్నట్టు అనిపించాలని. స్టూడియో లిఫ్ట్ చప్పుడు కూడా ఆల్బమ్‌లోకి వచ్చింది. ఆఖరి పాటలో సీసా పగులుతుంది. వీటన్నిటి మధ్యా ఖాళీ. మిక్స్ చేసేవాడికి ఖాళీ కనిపిస్తే ఒక సింథ్ ప్యాడో (సింథసైజర్ మీద సాగదీసిన స్వరం), రీవెర్బ్ తోకో (శబ్దం ఆగాక మిగిలే మారుమోత) పెట్టి పూడ్చేద్దామని చెయ్యి లాగుతుంది. హానెట్ పూడ్చలేదు. వినేవాడు తన దిగులు తానే తెచ్చి అక్కడ పెట్టుకోగలుగుతున్నాడు. ఇన్నేళ్లు నిలవడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే.

అపోహ: బ్యాండ్ కోరుకున్న సౌండే అది.

వాస్తవం: కానే కాదు. గిటారిస్ట్ బెర్నార్డ్ సమ్నర్‌కి, బాస్ వాయించే పీటర్ హుక్‌కి నచ్చలేదు. స్టేజీ మీద తాము ఎంత గట్టిగా, మోటుగా వాయిస్తారో రికార్డులోనూ అలాగే ఉండాలనుకున్నారు వాళ్లు. వాళ్ల బాధ ఏమిటో తెలియాలంటే 2007 ఎడిషన్‌లో చేర్చిన 1979 జులై 13 నాటి మాంచెస్టర్ లైవ్ వినండి. అవే పాటలు మంట మీద ఉన్నట్టు ఉంటాయి. నా ఓటు మాత్రం హానెట్‌కే. లైవ్ వెర్షన్ ఒంటిని కదిలిస్తుంది, ఆల్బమ్ మనిషిని ఒంటరిగా కూర్చోబెడుతుంది.

అలాగని ఘనతంతా ప్రొడ్యూసర్‌దే అనడమూ తప్పు. సమ్నర్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యంత్రం) హోరులో హుక్‌కి తన బాస్ తనకే వినపడేది కాదు. అందుకని పై స్థాయి నోట్లు వాయించడం మొదలుపెట్టాడు. అలా బాస్ మీదే రాగం నడిచే పద్ధతి వచ్చింది, గిటార్‌కి వెనక్కి తగ్గే వీలు దొరికింది. హానెట్ వదిలిన ఖాళీకి చోటిచ్చింది ఆ నలుగురి వాయింపే.

అపోహ: అట్ట మీద ఉన్నవి సౌండ్ వేవ్స్. లేదా గుండె చప్పుడు.

వాస్తవం: రెండూ కాదు. 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొట్టమొదటి పల్సార్ (గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం), సీపీ 1919, నుంచి వచ్చిన రేడియో స్పందనలు. దాదాపు 1.34 సెకన్లకు ఒకటి. హెరాల్డ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు తన పీహెచ్‌డీ కోసం వాటిని వరసగా పేర్చి గీయించాడు. ఒక ఖగోళశాస్త్ర ఎన్‌సైక్లోపీడియాలో దొరికిన ఆ బొమ్మను డిజైనర్ పీటర్ సావిల్ నలుపు మీద తెలుపుగా తిప్పాడు. ముందు అట్ట మీద బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు.

అపోహ: ఇప్పుడు ప్లగిన్లు (కంప్యూటర్‌లోనే ఇలాంటి యంత్రాల పని చేసే సాఫ్ట్‌వేర్లు) ఉన్నాయిగా, ఆ సౌండ్ ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ‘అన్నా, ఆ స్నేర్‌కి ఏ ప్లగిన్ వాడాలి?’ డిలే ఏదైనా ఫరవాలేదు తమ్ముడూ. స్నేర్ మైకులో హై-హ్యాటూ (కిట్‌లోని జంట తాళాలు), పక్కనున్న గిటారూ కలిసి పడితే, నువ్వు స్నేర్‌కి పెట్టిన డిలే వాటికీ పట్టుకుంటుంది. గోడ కనపడదు, గందరగోళం మిగులుతుంది. హానెట్ కిట్ విప్పించింది అందుకే. ముందు మైకు జరుపు, వదులైన బోల్టు బిగించు, గలగలమనే స్టాండు తీసెయ్యి, స్నేర్ ఒక్కటే కొట్టి రికార్డు చెయ్యి. ఆ ట్రాకుని సోలోలో (మిగతావన్నీ ఆపి) పెట్టి విను. స్నేర్ తప్ప ఇంకేమీ వినపడకపోతే అప్పుడు డిలే ఆన్ చెయ్యి.