టెలిస్కోప్ టైమ్ ఎవరికి ఇస్తారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పెద్ద టెలిస్కోప్‌ని కొన్ని గంటలు వాడుకోవాలంటే ఏం చూస్తాం, ఎందుకు, ఎంతసేపు అని రాసి దరఖాస్తు (ప్రపోజల్) పంపాలి, ఒక కమిటీ వాటిని చదివి టైమ్ కేటాయిస్తుంది. దీని గురించి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "మాలాంటి వాళ్లకి కూడా టైమ్ ఇస్తారాండీ?" ఇస్తారు. అడిగేవాళ్లే తక్కువ. మన యూనివర్సిటీల నుంచి ఇంకా చాలా ప్రపోజల్స్ రావాలని నా కోరిక.

అపోహ: పెద్ద సంస్థలో ఉండాలి, బోలెడు డబ్బు కట్టాలి.

పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీనే తీసుకోండి. ఒక్కొక్కటీ 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌ల రేడియో టెలిస్కోప్ అది. ఏడాదికి రెండుసార్లు ప్రపోజల్స్ పిలుస్తారు, ఏ దేశం వాళ్లయినా పంపొచ్చు. పరిశోధన కోసం అడిగే సమయానికి ఫీజు ఉండదు. విద్యార్థి అయితే గైడ్ విషయంలో ఎక్కడి నిబంధనలు అక్కడ చూసుకోవాలి, అంతే. ఇక హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ ప్రపోజల్స్ చదివే సమీక్షకులకైతే 2018 నుంచి దరఖాస్తుదారుల పేర్లే కనిపించవు.

అపోహ: టాపిక్ గొప్పదైతే చాలు, టెక్నికల్ భాగం ఎవరూ పట్టించుకోరు.

చాలా ప్రపోజల్స్ దెబ్బతినేది ఇక్కడే. హైడ్రోజన్ వాయువు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాలు ఇస్తుంది. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే తరంగాలు విశ్వ వ్యాకోచం వల్ల సాగి, వాటి ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, ఎంత సాగాయో చెప్పే అంకెే రెడ్‌షిఫ్ట్. గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 0.5 అనుకోండి, 1420ని 1.5తో (అంటే 1 + రెడ్‌షిఫ్ట్‌తో) భాగిస్తే సుమారు 947 వస్తుంది. జీఎంఆర్‌టీ కొన్ని ఫ్రీక్వెన్సీ శ్రేణుల్లోనే (బ్యాండ్‌లు) వింటుంది: బ్యాండ్ 4 దాదాపు 550 నుంచి 850 మెగాహెర్ట్జ్ వరకు, బ్యాండ్ 5 దాదాపు 1000 నుంచి 1450 వరకు. మీ సిగ్నల్ సరిగ్గా ఆ రెండింటి మధ్య ఖాళీలో పడింది! పీఠిక ఎంత అందంగా రాసినా ఇక లాభం లేదు. అదే రెడ్‌షిఫ్ట్ 1 అయితే 710, హాయిగా బ్యాండ్ 4లోకి వస్తుంది. 2020లో జీఎంఆర్‌టీని నడిపే పుణె సంస్థ ఎన్‌సీఆర్‌ఏ బృందం ఆ దూరంలోని వేల గెలాక్సీల సిగ్నల్స్‌ని కలిపి, వాటి సగటు హైడ్రోజన్‌ని పట్టుకుంది కూడా.

మామూలు వెలుగును చూసే ఆప్టికల్ టెలిస్కోపుల్లోనూ ఇంతే. మసక గెలాక్సీని పౌర్ణమి రాత్రుల్లో అడక్కండి. మీరు అడిగిన నెలల్లో అది రాత్రిపూట ఎంత ఎత్తున ఉంటుందో ముందే చూసుకోండి.

అపోహ: తక్కువ గంటలు అడిగితే తేలిగ్గా ఇచ్చేస్తారు.

దీన్ని నమ్మి నష్టపోయినవాళ్లు చాలామంది. సిగ్నల్ రెండింతలు స్పష్టంగా రావాలంటే నాలుగింతల సమయం కావాలి. సిగ్నల్ నాయిస్ కంటే ఎన్ని రెట్లు ఉందో సిగ్మాల్లో చెప్తారు. 10 గంటల్లో 5 సిగ్మా వచ్చేది 5 గంటల్లో 3.5కి పడిపోతుంది. దాని మీద పేపర్ రాస్తే జర్నల్ తరఫున దాన్ని పరిశీలించే రిఫరీ ఒప్పుకోవడం కష్టం. అంటే ఆ 5 గంటలూ వృథానే, కమిటీకి ఈ లెక్క తెలుసు. కాబట్టి పని పూర్తవడానికి ఎంత కావాలో అంతే అడగండి, ఆ అంకె ఎలా వచ్చిందో రెండు వాక్యాల్లో చూపించండి. ఎంత సమయం కావాలో లెక్కకట్టే ఎక్స్‌పోజర్ టైమ్ కాలిక్యులేటర్లు ఉచితంగానే దొరుకుతాయి. కాలిబ్రేటర్ (కొలతలు సరిచూసుకోవడానికి వాడే, ముందే బాగా తెలిసిన వస్తువు) మీద, టెలిస్కోప్ తిప్పడం మీద పోయే సమయం కలపడం మర్చిపోకండి.

అపోహ: టైమ్ వస్తే కొండెక్కి, రాత్రంతా టెలిస్కోప్‌లో కన్నుపెట్టి చూడాలి.

లదాఖ్‌లోని హాన్లేలో, దాదాపు 4500 మీటర్ల ఎత్తున, 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. దాన్ని నడిపేది బెంగళూరు దగ్గర హోస్కోటె నుంచి, ఉపగ్రహ లింక్ ద్వారా. మీరు చూసేది కంప్యూటర్ తెరనే. మబ్బు పడితే మాత్రం ఆ రాత్రి పోయినట్టే, సాధారణంగా బదులుగా ఇంకో రాత్రి ఇవ్వరు. అందుకే వాతావరణం కొంత పాడైనా నడిచేలా ప్లాన్ రాసుకోవాలి.

అపోహ: తిరస్కరించారంటే ఐడియా పనికిరాదని అర్థం.

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌కి 2024లో అందుబాటులో ఉన్న సమయానికి దాదాపు తొమ్మిది రెట్లు అడిగారు. అలాంటి చోట మంచి ప్రపోజల్స్ కూడా బయటే ఉండిపోతాయి. కమిటీ పంపిన వ్యాఖ్యల్ని టెన్షన్ తగ్గాక నిదానంగా చదవండి. "నమూనా చిన్నది", "ఈ డేటా ఇప్పటికే ఉంది" లాంటి ఒక్క వాక్యంతో, మళ్లీ ప్రపోజల్స్ పిలిచేసరికి ఏం మార్చాలో తెలిసిపోతుంది.

ఆ రెండో వ్యాఖ్య రాకుండా ముందే జాగ్రత్త పడొచ్చు. టెలిస్కోప్ డేటా కొంతకాలం అడిగినవాళ్ల దగ్గరే ఉండి, తర్వాత ఆర్కైవ్‌లో అందరికీ తెరుస్తారు. జీఎంఆర్‌టీకీ, హబుల్‌కీ అలాంటి ఆర్కైవ్‌లు ఉన్నాయి. ప్రపోజల్ మొదలుపెట్టే ముందు మీ లక్ష్యం పేరు అక్కడ వెతకండి. ఒక్కోసారి మీకు కావలసిన డేటా అక్కడే దొరుకుతుంది, ఆర్నెల్లు ఆగాల్సిన పని తప్పుతుంది.