రీళ్లు ఆయనవి, సినిమా ఎవరిది? వలేరియా సార్మియెంతో పని వెనక యాభై ఏళ్లు

2020 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ఫోరమ్ విభాగం ఓ కొత్త సినిమాతో మొదలైంది. తెర మీదికి రావడమే కొత్త; షూటింగ్ జరిగింది 1967లో. చిలీ దర్శకుడు రౌల్ రూయిజ్ పాతికేళ్ల వయసులో తీసి, సౌండ్‌కు డబ్బుల్లేక వదిలేసిన ‘ఎల్ టాంగో దెల్ వియుదో’ అది. ఆత్మహత్య చేసుకున్న భార్య తలపులు వదలని ఓ భర్త, నేల మీద పాకే విగ్గులు, ఇదీ కథ. రూయిజ్ 2011లో పోయారు. సినిమాను పూర్తిచేసింది ఆయన భార్య వలేరియా సార్మియెంతో. టైటిల్స్‌లో దర్శకులుగా ఇద్దరి పేర్లూ వేశారు. అయినా ‘భర్త సినిమాకు భార్య తుదిమెరుగులు’ అనే అనుకున్నారు చాలామంది. అక్కడ జరిగింది తుదిమెరుగుల పని కాదు.

చేతికి దొరికింది బ్లాక్ అండ్ వైట్ బొమ్మ మాత్రమే. మాటల ట్రాక్ లేదు. నటులు ఏమన్నారో తెలియాలంటే పెదవుల కదలికను చదవగలిగేవాళ్లను కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇది వినడానికి ఉన్నంత తేలిక కాదు. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. క, గ లోపలెక్కడో పుడతాయి, బయటికి కనబడవు. పైగా చిలీవాళ్లు మాట చివరి ‘స’ను మింగేస్తారు. నటుడు తల తిప్పినా, చెయ్యి అడ్డొచ్చినా ఆ వాక్యం పోయినట్టే. దొరికిన ముక్కల మధ్య ఖాళీలను రచయిత ఒమార్ సావేద్రా పూరించారు. పూరించిన మాట అర్థంలో కుదిరితే చాలదు, పెదవికి కూడా కుదరాలి. సెకనుకు 24 ఫ్రేముల్లో మాట నాలుగైదు ఫ్రేములు ముందో వెనకో పడితే ప్రేక్షకుడికి పట్టుబడిపోతుంది. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకు ఆ ఇబ్బంది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక సినిమా సగానికి వచ్చాక బొమ్మ వెనక్కి తిరగడం మొదలవుతుంది. ముందు చూసిన షాట్లే తిరగబడి నడుస్తాయి. పూర్తయిన సినిమా పేరు చివర ‘వంకర అద్దం’ అన్న అర్థమిచ్చే మాట అందుకే చేరింది. అంతా కలిపి గంటకు కాస్త పైన. ఏ షాట్ ఎక్కడ తెగాలో ఎరిగిన చెయ్యి కాకపోతే ఇది సాగే పని కాదు.

ఆ చెయ్యి ఎక్కడ తయారైందంటే చాలా వెనక్కి వెళ్లాలి. వలేరియా 1948లో వల్పరైసో రేవుపట్నంలో పుట్టారు. ఫిలాసఫీ, సినిమా చదివారు. 1969లో రూయిజ్‌తో పెళ్లి. సోషలిస్టు అధ్యక్షుడు అయెందే ప్రభుత్వ కాలంలో, 1972లో, రాజధాని సాంటియాగోలోని స్ట్రిప్‌టీజ్ డ్యాన్సర్ల మీద ‘ఉన్ సుఎన్యో కోమో దె కలోరెస్’ అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. దేశమంతా ఫ్యాక్టరీల గురించీ భూముల గురించీ మాట్లాడుతున్న రోజుల్లో ఎంచుకున్న విషయం అది.

1973 సెప్టెంబర్ 11న అయెందేను కూల్చిన సైనిక కుట్ర. ఆలుమగలిద్దరూ దేశం వదిలి జర్మనీ మీదుగా 1974లో పారిస్ చేరారు. అక్కడ ఆయనకు దర్శకుడిగా వరసగా పని దొరికింది. ఆమెకు ముందుగా దొరికింది ఎడిటింగ్ బల్ల. ప్రవాసుల మీద రూయిజ్ తీసిన తొలి ఫ్రాన్స్ సినిమా నుంచి, 2010 నాటి నాలుగున్నర గంటల ‘మిస్టరీస్ ఆఫ్ లిస్బన్’ దాకా ఆయన సినిమాలు ఎన్నింటినో కత్తిరించి అతికించింది ఆమే. ఎడిటర్‌గా ఉన్న పేరు దర్శకురాలి పేరును కప్పేసింది.

దర్శకురాలిగా ఆమె ఏమిటో చూడాలంటే 1982 నాటి ‘ఎల్ ఓంబ్రే కువాందో ఎస్ ఓంబ్రే’ చూడాలి. మగతనం మీద డాక్యుమెంటరీ, కోస్టారికాలో తీసింది. 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకున్న దేశమది. చిలీలో హింస అంటే సైనిక బూట్లు గుర్తొచ్చే రోజుల్లో, బూట్లు లేని చోట ఇళ్లలో ఏముందో చూపించారు. సినిమా మెత్తగా మొదలవుతుంది. ప్రేమపాటలు, ఆడపిల్లల పదిహేనో పుట్టినరోజు వేడుకలు, పెళ్లిళ్లు, ఆడవాళ్లను ఎలా ప్రేమించాలో తీయగా చెప్పే మగవాళ్లు. చివరికొచ్చేసరికి అదే గొంతుతో, అదే ప్రేమ మాటలతో కొందరు తమ కథ చెబుతారు. వాళ్లు భార్యలను చంపి జైల్లో ఉన్నవాళ్లు. వ్యాఖ్యానం అక్కర్లేదు, వరసే వాదన. హంతకులను ముందు పెట్టి ఉంటే వాళ్లు వేరే జాతి మనుషుల్లా కనబడేవాళ్లు. కోస్టారికాలో ఈ సినిమా మీద పెద్ద గొడవే జరిగింది.

తర్వాత 1984లో, స్పానిష్ పాకెట్ నవలల రచయిత్రి కొరీన్ తెయ్యాదో రచన ఆధారంగా తొలి కథాచిత్రం ‘నోత్ర్ మరియాజ్’. స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో కొత్త దర్శకుల బహుమతి వచ్చింది. వల్పరైసోలో తీసిన ‘అమేలియా లోపెస్ ఓనీల్’ 1991లో బెర్లిన్ పోటీకి వెళ్లింది. కన్నీళ్లు, అసూయ, పరువు, అబద్ధపు ప్రేమలు: మేధావులు చిన్నచూపు చూసే సరుకునే ఆమె ఏరుకున్నారు. ఆమెకు మెలోడ్రామా వెక్కిరించే వస్తువు కాదు, జనం మనసు ఎలా తయారైందో తెలిపే ఆధారం.

ఇది గుర్తుంటే 2017లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవానికి వచ్చిన ‘లా తెలెనోవెలా ఎర్రాంతె’ వేరేగా కనిపిస్తుంది. చిలీలో ప్రజాస్వామ్యం తిరిగొచ్చిన 1990లోనే రూయిజ్ దీన్ని ఆరు రోజుల్లో తీసి వదిలేశారు. చిలీ అనే దేశమే లేదు, ఉన్నదల్లా టీవీ సీరియళ్లు అనేది అందులో ఊహ. సీరియల్ సరుకుతో అప్పటికే కొన్నేళ్లుగా కుస్తీపడుతున్న వలేరియా, ఇంకో ఇరవై ఏడేళ్ల తర్వాత ఆ రీళ్లకు రూపమిచ్చారు.

మధ్యలో 2011 ఆగస్టులో రూయిజ్ మరణం. ‘లైన్స్ ఆఫ్ వెల్లింగ్టన్’ అప్పటికి సన్నాహాల్లో ఉంది, స్క్రిప్టు సిద్ధం. నెపోలియన్ సేనలు 1810లో పోర్చుగల్ మీద పడ్డప్పటి కథ. దర్శకత్వం ఆమె చేపట్టారు. 2012లో వెనిస్ పోటీలో ఆడింది. రెండున్నర గంటల యుద్ధచిత్రంలో యుద్ధం పక్కకు జరిగింది. తెర నిండా మూటాముల్లెతో నడిచే కాందిశీకులు, వితంతువులు, సేనల వెంట తిరిగే ఆడవాళ్లు. జాన్ మాల్కోవిచ్ వేసిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ తన బొమ్మ ఎలా గీస్తున్నారో అన్న ధ్యాసలోనే కనిపిస్తాడు.

రూయిజ్ వదిలేసిన సినిమాల్లో ‘ఎల్ రియలిస్మో సోసియలిస్తా’ అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. అయెందే కాలపు వామపక్షం మీదే వ్యంగ్యం: కార్మికుడు కుడివైపు జరుగుతుంటాడు, మేధావి ఎడమవైపు. 1973లో కుట్రతో ఆగిపోయింది. సాంటియాగోలో ఆమె ఇల్లు వదిలినప్పుడు ముక్కలుగా ఉండిపోయిన సినిమా 2023 సెప్టెంబర్‌లో, శాన్ సెబాస్టియన్‌లో, ఇద్దరి పేర్లతో తెర మీదికొచ్చింది.