తాతయ్య బీపీ బిళ్ల వెనక పాము

బుజ్జీ, చిన్నీ,

"ఆ బిళ్ల వేసుకుంటే నీ టెన్షన్ తగ్గిపోతుందా తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు. నా టెన్షన్ల సంగతి దానికి తెలియదర్రా. అది చేసే పని వేరు.

ఒంట్లో రక్తం చాలట్లేదని కిడ్నీలకు అనిపిస్తే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. లివర్ తయారుచేసిన ఓ పెద్ద ప్రోటీన్ నుంచి రెనిన్ ఒక ముక్క కోస్తుంది. పది పూసల దండ అనుకోండి. పేరు యాంజియోటెన్సిన్-1. దానివల్ల పెద్దగా ఏమీ జరగదు. ఊపిరితిత్తుల రక్తనాళాల గోడల మీద ఏసీఈ అనే ఎంజైమ్ కత్తెరలా కాచుకుని ఉంటుంది. దండ అటు వెళ్లగానే చివరి రెండు పూసలు కత్తిరించేస్తుంది. మిగిలిన ఎనిమిది పూసల దండే యాంజియోటెన్సిన్-2. అసలు గడుసుది ఇదే. రక్తనాళాల్ని బిగిస్తుంది. ఉప్పునీ నీళ్లనీ బయటకు పోనివ్వకుండా అల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ను పురమాయిస్తుంది. గొట్టం సన్నబడి, లోపల నీళ్లు పెరిగితే ఒత్తిడి పెరగదూ? గాయమై రక్తం కారిపోతుంటే ఈ ఏర్పాటే ప్రాణం నిలబెడుతుంది. నాలాంటి వాడికి అవసరం లేనప్పుడూ బిగించి కూర్చుంటే చిక్కు.

ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందులు ఆ కత్తెర నోట్లో అడ్డం పడతాయి. పేరు చివర 'ప్రిల్' కనబడితే ఆ జాతిదే.

ఈ కిటుకు నేర్పింది ఒక పాము! బ్రెజిల్‌లో జరారాకా అనే విషసర్పం కాటేస్తే బీపీ అమాంతం పడిపోతుంది. ఆ విషంలో, రక్తనాళాల్ని వదులు చేసే బ్రాడికైనిన్‌కు బలాన్నిచ్చే పదార్థం ఉందని సెర్జియో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త 1965లో ప్రకటించాడు. అది ఏసీఈనీ ఆపుతుందని తర్వాత తేలింది. అయితే అది సూదిమందుగా ఇస్తేనే పనిచేసేది, మింగితే లేదు. కుష్‌మన్, ఒండెట్టి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని పోకడ చూసి, మింగదగ్గ చిన్న మందును ప్రయోగశాలలో తయారుచేశారు. అదే క్యాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాబట్టి చిన్నీ, నా బిళ్లలో పాము విషం లేదు, భయపడకు.

కిందటేడు నేను రాత్రంతా ఖళ్లుఖళ్లుమంటే జలుబు అనుకున్నారు కదా? అదీ కత్తెర మహిమే. బ్రాడికైనిన్‌ను ముక్కలు చేసేదీ అదే మరి. దాన్ని ఆపేస్తే బ్రాడికైనిన్ పేరుకుని కొందరికి పొడి దగ్గు వస్తుంది. నేను మూడు వారాలు కషాయాలు తాగి, ఆలస్యంగా డాక్టర్‌కి చెప్పాను. తెలివితక్కువ పని. ఆయన టెల్మిసార్టన్‌కి మార్చారు. 'సార్టన్'లు కత్తెర జోలికి పోవు. యాంజియోటెన్సిన్-2 వెళ్లి కూర్చునే చోట ముందే తిష్ఠ వేస్తాయి. దగ్గు పోయింది.

ఈ రెండు రకాలూ గర్భిణులు వాడకూడదు, కడుపులో బిడ్డకు హాని. అల్డోస్టిరాన్ జోరు తగ్గితే పొటాషియం ఒంట్లోనే మిగిలిపోవచ్చు, అందుకే అప్పుడప్పుడు రక్తపరీక్ష చేస్తారు. నాది రేపు పొద్దున్నే. సూది గుచ్చేటప్పుడు కళ్లు మూసుకుంటానని నానమ్మకి చెప్పకండి.

మీ తాతయ్య