ఆసు దగ్గర మిల్లీమీటరు లెక్క

పోచంపల్లి చీర మీద కనిపించే చిలక, ఏనుగు, వజ్రపు గళ్లు నేసేటప్పుడు ఎత్తిన బుటాలు కావు, నేశాక అద్దిన అచ్చులూ కావు. అవి మగ్గం ఎక్కకముందే దారంలో ఉంటాయి. నూలునో పట్టునో కొలత ప్రకారం కొన్ని చోట్ల బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోటికి రంగు పోదు. కట్టు విప్పి, మరో చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. చివరికి చేతిలో మిగిలేది చుక్కలు చుక్కలుగా రంగులు మారే ఒక పొడవాటి దారం. అందులో చిలక ఎక్కడుందో చూసేవాళ్లకు తెలియదు. నేస్తూ పోతే వరుస మీద వరుస చేరి చిలక బయటపడుతుంది.

ఇది కుదరాలంటే ఎంత కచ్చితంగా ఉండాలో ఒక్కసారి లెక్క వేయండి. పేక దారం, అంటే అడ్డంగా నేసే దారం, చీర పన్నా (వెడల్పు) అంత దూరం వెళ్లి, అంచు దగ్గర తిరిగి వెనక్కి వస్తుంది. రంగు వేసేటప్పుడు ఒక్కో వరుసకు అనుకున్న పొడవు అసలు పన్నా కంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువైందనుకుందాం. నూరు వరుసలు నేసేసరికి తేడా పది సెంటీమీటర్లు. అప్పటికి చిలక ముక్కు తోక ఉండాల్సిన చోటికి చేరుతుంది. నేసేవాళ్లు వరుస వరుసకీ అంచు దగ్గర దారాన్ని కాస్త లాగి సర్దుతూనే ఉంటారు. కానీ మూలంలోనే కొలత తప్పితే ఏ సర్దుబాటూ సరిపోదు.

ఆ మూలం పేరు ఆసు. ఒక చట్రం, దాని ఒక కొసన మధ్యలో ఒక ఆధారం, ఎదురుగా అర్ధవృత్తంలో వరుసగా మేకులు. దారాన్ని మధ్య నుంచి ఒక మేకు దాకా తీసుకెళ్లి, చుట్టి, మళ్లీ మధ్యకు తేవాలి. మధ్య నుంచి ఏ మేకుకైనా దూరం ఒకటే, వ్యాసార్ధం కదా! అందుకే ఏ మేకుకు పోయినా దారం పొడవు ఒకేలా వస్తుంది. స్కేలు లేకుండా, ప్రతి వరుసనూ విడిగా కొలవకుండా, వేల వరుసల పొడవును సమానంగా ఉంచే పరికరం ఇది. ఒక్కో మేకు మీద చేరిన దారాలు బొమ్మలో ఒక వరుస. చీర పొడవునా ఆ బొమ్మ మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఆ వరుస దారాలన్నీ అదే మేకు మీదకు చేరతాయి. ఒక్క కట్టు కడితే అన్ని బొమ్మల్లోని ఆ వరుసకీ ఒకేసారి కట్టినట్టే. ఇంత చక్కటి జ్యామితి ఇంటి వసారాలో గోడకు ఆనించి ఉంటుంది.

ఈ జ్యామితికి మూల్యం చెల్లించింది ఆడవాళ్ల భుజాలు. ఒక చీరకు ఆసు పోయడమంటే చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఒక్కోసారి మీటరు పోయి మీటరు వచ్చినా 18 కిలోమీటర్లు. నాలుగైదు గంటల పని, రోజుకు రెండు చీరలకు మించి సాగదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆ నొప్పితో బాధపడటం చూస్తూ పెరిగారు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన ఆయన ఏళ్ల తరబడి విడి విడి భాగాలుగా కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చేతిని అటూ ఇటూ ఆడించడం యంత్రానికి పెద్ద పని కాదు. దారాన్ని మేకు చుట్టూ తిప్పడం, అనుకున్నన్ని చుట్లు పడగానే పక్క మేకుకు జరగడం, ఈ మొత్తంలో దారం తెగకుండా, వదులు కాకుండా బిగువు నిలబెట్టడం, ఇవీ అసలు చిక్కులు. బిగువు మారితే పొడవు మారుతుంది, పొడవు మారితే మళ్లీ ఆ మిల్లీమీటరు గొడవే. తల్లి వేళ్లకు తెలిసిన బిగువును ఆయన ఇనుముకు నేర్పాల్సి వచ్చింది.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. మగ్గం మీద బుటాలు ఎత్తడానికి జకార్డులు, డాబీలు అనే యంత్ర భాగాలు వచ్చాయి. దారం మగ్గం ఎక్కకముందు జరిగే పని మాత్రం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. ఎందుకంటే అది ఇంట్లో ఆడవాళ్లు చేసేది, విడిగా కూలీ లెక్క కట్టనిది. ఇంజినీరు దృష్టి పడాలంటే ముందు ఆ పని ఒక పనిగా లెక్కలోకి రావాలి.

ఇక డిజైన్ సంగతి. ఇలా దారానికే కట్టు కట్టి రంగేసి నేసే పద్ధతి పేరు ఇక్కత్. ఇక్కత్ బొమ్మల అంచులు కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి కదా. దానికి రెండు కారణాలు. దారాల మధ్య సన్నని సందుల్లోంచి రంగునీళ్లు కట్టు కిందికి కొంచెం పాకుతాయి, బడిలో చదివిన కేశనాళికీయతే. నేతలో వరుసలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం రెండోది. కాబట్టి గ్రాఫు కాగితం మీద ఒక గడి ఎంత ఉండాలన్నది గీసేవాళ్ల ఇష్టం కాదు. మేకు మీద ఎన్ని దారాలున్నాయి, కట్టు ఎంత సన్నగా కట్టగలరు అన్నవే దాన్ని తేలుస్తాయి. కంప్యూటర్ మీద గీసిన సన్నని వంపు గీత ఆసు మీదికి వచ్చేసరికి మెట్లు మెట్లుగా మారిపోతుంది. ఇది తెలిసినవాళ్లు ఆ మెట్లనే అందంగా మలుస్తారు. తెలియనివాళ్ల బొమ్మను కట్టలేక నేతగాళ్లు తల పట్టుకుంటారు.

వెంకటగిరిలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది, హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ నేర్పే నిఫ్ట్ ఉంది, ఊరూరా ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఒక చోట నేత గణితం, ఒక చోట గీత, ఒక చోట యంత్రం. ఇక్కత్ నేసే పుట్టపాకలోనో కొయ్యలగూడెంలోనో ఒక్క ఇంట్లో ఈ మూడూ పక్కపక్కనే నడుస్తాయి. డిజైన్ చదివే పిల్లలు నేత ఊళ్ల క్లస్టర్లకు వెళ్లి ఫొటోలు, నోట్సు తెచ్చుకోవడం మంచిదే. కానీ పెన్సిలు పట్టకముందు ఒక చీరకు ఆసు పోయించాలని నా పట్టుదల. మెకానికల్ చదివేవాళ్లను కూడా పక్కనే కూర్చోబెట్టాలి. పాఠం చెప్పేది ఆ ఇంటి ఇల్లాలే కావాలి, ఆమెకు గౌరవ వేతనం ఇచ్చి మరీ.

వాళ్లకు పని కూడా సిద్ధంగా ఉంది. ఆసు యంత్రానికి మారింది, కట్టు కట్టడం ఇంకా వేళ్ల మీదే నడుస్తోంది. పాత సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి ఒక్కో కట్టూ బిగిస్తారు. ఎంత బిగిస్తే రంగు లోపలికి పాకదు? పట్టుకు, నూలుకు అది ఎంత తేడా? పట్టీ వెడల్పు ఎంత తగ్గితే కట్టు జారిపోతుంది? ఒక తక్కెడ, నాలుగు రంగు గిన్నెలు, కట్టడం వచ్చిన ఒక మనిషి ఉంటే ఈ సెమిస్టర్‌లోనే కొలవడం మొదలుపెట్టొచ్చు.