లింకన్ పుట్టిన పొలం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో హాడ్జెన్‌విల్ దగ్గర అధ్యక్షుడు అబ్రహాం లింకన్ పుట్టిన చోటును తెలుగు కుటుంబాలకు చూపించే గైడ్‌ని. దారిలో తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: స్మారక భవనంలో ఉన్నది లింకన్ పుట్టిన గుడిసే.

వాస్తవం: కాదు. 1809 ఫిబ్రవరి 12న ఆయన పుట్టింది ఈ పొలంలోనే. ఆ గుడిసె మాత్రం లేదు. ఇప్పుడున్న గుడిసె దుంగలను 1890ల్లో ఊళ్లు తిప్పి ప్రదర్శించారు. అంతర్యుద్ధంలో లింకన్‌కు ఎదురు నిలిచిన దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ పుట్టిల్లంటూ చూపించిన మరో గుడిసె దుంగలు వీటిలో కలిసిపోయాయి. భవనంలో జనం తిరగడానికి చోటు చాలక గుడిసెను కుదించారు కూడా. 2004లో దుంగల్లో చెట్టు వయసు చెప్పే వలయాలు పరీక్షిస్తే 1840ల నాటివని తేలింది. అప్పటికి లింకన్ ముప్పై దాటిన లాయరు.

అపోహ: అయితే వెళ్లడం దండగే.

వాస్తవం: ఇల్లు పోయినా నేల ఉంది, నీళ్లున్నాయి. లింకన్ బతికిన ఏళ్లకు గుర్తుగా కట్టిన 56 మెట్లెక్కి, ఫొటో దిగి వెనక్కి రాకండి. మెట్ల కింద ఓ పక్కన సింకింగ్ స్ప్రింగ్ అనే ఊట ఉంది. గుంటలోకి దిగితే రాళ్ల మధ్య నీరు ఊరి, అక్కడే మళ్లీ భూమిలోకి జారిపోతుంది. సున్నపురాయి నేల స్వభావం అది. ఆ ఇంటివాళ్లు తాగింది ఈ నీళ్లే. పిల్లల్ని కాసేపు అక్కడ నిలబెట్టండి.

అపోహ: కటిక పేదరికం వల్లే ఊరు విడిచారు.

వాస్తవం: తండ్రి థామస్ రైతు, వడ్రంగి కూడా. 1808లో 200 డాలర్లు చెల్లించి ఈ భూమి తీసుకున్నాడు. దెబ్బతీసింది హక్కుల తగాదా. అప్పట్లో కెంటకీలో చెట్లూ రాళ్లే హద్దులు, ఒకే భూమి ముక్కకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు. ఈ పొలానికి హద్దుగా నిలిచిన ఓక్ చెట్టు 1976 దాకా బతికింది. పొలం గట్ల గొడవలు ఎరిగిన మన పెద్దవాళ్లకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. 1816లో ఇండియానాకు వెళ్లడానికి ఈ భూముల చిక్కు, కొంత బానిసత్వం కారణాలని లింకనే తర్వాత చెప్పారు.

అపోహ: బాల్యమంతా ఇక్కడే.

వాస్తవం: రెండేళ్లే. 1811లో సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని నాబ్ క్రీక్‌కు మారారు. తన తొలి జ్ఞాపకాలు అక్కడివేనని ఆయనే రాశారు. నాటిన గుమ్మడి గింజలు వాన వరదకు కొట్టుకుపోయాయని చెప్పిన పొలం అదే. ఒక్కచోటికే టైముంటే మాత్రం హాడ్జెన్‌విల్ ఊట దగ్గరికే రండి.