సన్నబడ్డాక కూడా నిద్ర పరీక్ష

బాగా లావుగా ఉన్న మనిషి గట్టిగా గురక పెడుతుంటే, పాపం ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు అనుకుంటాం. చాలాసార్లు ఆ మనిషికి అసలు నిద్రే ఉండదు. మెడ చుట్టూ, నాలుకలో కూడా కొవ్వు చేరి గొంతులో గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. మెలకువలో అక్కడి కండరాలు ఆ దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలితే దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి కాసేపు లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. పొద్దున్నే ఏదీ గుర్తుండదు కానీ తలనొప్పి, పగటి కునికిపాట్లు, మందులకు లొంగని బీపీ మాత్రం వెంటాడతాయి. ఇదే స్లీప్ ఆప్నియా.

పది సెకన్లకు తగ్గకుండా ఊపిరి ఆగిపోవడం, లేదా బాగా తగ్గిపోవడం గంటకు ఎన్నిసార్లు జరిగిందో నిద్ర పరీక్షలో లెక్కిస్తారు. పెద్దవాళ్లలో 5 లోపుంటే మామూలే. 15 నుంచి మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

బరువు తగ్గితే ఈ లెక్కా తగ్గుతుంది. బరువు తగ్గడానికి పొట్టకు చేసే బేరియాట్రిక్ సర్జరీ మీద వచ్చిన 12 అధ్యయనాలను 2009లో కలిపి చూస్తే, సగటున 55 దగ్గరున్న లెక్క 16కి దిగింది. నిజంగా పెద్ద మేలే. కానీ 16 అంటే ఇంకా మధ్యస్థ స్థాయి జబ్బే కదా! ఆస్ట్రేలియాలో 60 మందితో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. పొట్టకు బ్యాండ్ వేసిన సర్జరీతో సగటున 28 కిలోలు తగ్గారు, సర్జరీ లేనివాళ్లు 5 కిలోలే. అయినా ఊపిరి ఆగే లెక్కలో రెండు గుంపుల మధ్య తేడా గట్టిగా చెప్పగలిగేంత రాలేదు. దవడ చిన్నదిగా ఉండటం, వయసు, గొంతు కండరాల తీరు... వీటిని సర్జరీ మార్చలేదు.

నాకు బెంగంతా ఇక్కడే. నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు దారిని తెరిచి ఉంచేది సీప్యాప్ మెషిన్. గురక తగ్గగానే చాలామంది దాన్ని అటక మీదికి ఎక్కించేస్తారు. మళ్లీ పరీక్ష చేయించి, లెక్క చూసి, డాక్టర్ చెప్పాకే ఆపాలి. సర్జరీకి ముందు కూడా మీ గురక సంగతి మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పండి. మత్తుమందులు, కొన్ని నొప్పి మందులు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. ఇక బరువు తగ్గాక పాత గాలి ఒత్తిడి ఎక్కువనిపించి మాస్క్ తీసేయాలనిపిస్తే, తీయకండి. డాక్టర్‌ని అడిగితే మెషిన్‌లో ఆ ఒత్తిడిని సరిచేయిస్తారు.