ఢిల్లీ గురించి మన డెల్టాలో వినిపించే అపోహలు - వాస్తవాలు

కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను చరిత్ర బోధిస్తున్నాను. విద్యార్థులను ఢిల్లీ విజ్ఞానయాత్రకు సిద్ధం చేసే బాధ్యత మా విభాగానిదే కాబట్టి, బయలుదేరే ముందు వారూ, వారి తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు నాకు బాగా పరిచయం. వాటిలో పదేపదే వినిపించే అపోహలకు మూలం ఒక్కటే: ఢిల్లీని ఒకే ఊరుగా, మొదటి నుంచీ ఒకే చోట ఉన్న రాజధానిగా ఊహించుకోవడం. నిజానికి ఢిల్లీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల, తరచుగా పాత ఊరి రాళ్లతోనే కొత్త ఊరు కట్టుకుంటూ లేచిన అనేక పట్టణాల సముదాయం.

అపోహ: ఢిల్లీ అనాదిగా భారతదేశానికి రాజధాని.

వాస్తవం: రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు వేంగీ రాజ్యాన్ని ఏలుతున్న 11వ శతాబ్దం మధ్యకాలానికి, నాటి ఢిల్లీ, అంటే తోమర వంశీయుడైన అనంగపాలుడి లాల్‌కోట్, గుట్టల మీద ఉన్న ఒక ప్రాంతీయ పాలకుడి కోట మాత్రమే. 13వ శతాబ్దంలో సుల్తానులు దానిని పెద్ద రాజ్యానికి కేంద్రంగా చేసినా, ఆ హోదా ఎడతెగకుండా నిలవలేదు. 16వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో సికందర్ లోదీ ఆగ్రాకు మారాడు. అక్బరు ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ, లాహోరుల నుంచి పాలించాడు. 1648లో షాజహాను తన కొత్త నగరంలో అడుగుపెట్టాకే ఢిల్లీకి మళ్లీ రాజధాని వైభవం వచ్చింది. 1857 తిరుగుబాటు తరువాత బహదూర్ షా జఫర్‌ను రంగూనుకు పంపించి, బ్రిటిషువారు ఢిల్లీని పంజాబు పాలన కిందికి చేర్చారు. అప్పటికి దేశాన్ని ఏలుతున్న నగరం కలకత్తా. 1911 డిసెంబరు 12న జరిగిన దర్బారులో అయిదవ జార్జి రాజధాని మార్పును ప్రకటించాడు.

ఆ తరువాత జరిగినదే భూగోళం చదివేవారికి ఆసక్తికరమైన భాగం. కొత్త నగరానికి శంకుస్థాపన రాళ్లు వేసింది ఉత్తరాన, దర్బారు జరిగిన మైదానం దగ్గర. ఆ ప్రాంతం పల్లమనీ, వరదకూ మలేరియాకూ లోనయ్యే చోటనీ నిపుణుల సంఘం తేల్చడంతో, ఆ రాళ్లను పెకలించి దక్షిణాన, ఇప్పుడు రాష్ట్రపతి భవన్ ఉన్న రైసీనా గుట్ట దగ్గరకు తరలించారు. మెరక చూసి ఇల్లు కట్టుకునే మన డెల్టావాసులకు ఈ నిర్ణయాన్ని ప్రత్యేకంగా వివరించనవసరం లేదు. కొత్త రాజధాని ప్రారంభోత్సవం 1931 ఫిబ్రవరి 13న జరిగింది.

అపోహ: పాత కోటలో తవ్వితే పాండవుల ఇంద్రప్రస్థం బయటపడింది.

వాస్తవం: పాత కోట, అంటే పురానా కిలా, తవ్వకాల్లో మౌర్యుల కాలం నుంచి మొగలుల కాలం వరకు జనావాసం సాగిన పొరలు దొరికాయి. అంతకన్నా పాతదైన, బూడిదరంగు మీద చిత్రాలు వేసిన కుండల పెంకులు కూడా లభించాయి. కోట గోడల లోపల ఇందర్‌పత్ అనే పల్లె 20వ శతాబ్దం ఆరంభం దాకా ఉండేది. కాబట్టి ఆ పేరుకూ, ఆ స్థలానికీ ఉన్న ముడి పాతదే. అయితే ఇది పాండవుల నగరమని చెప్పే శాసనం గానీ, రాజభవనపు శిథిలం గానీ అక్కడ దొరకలేదు. ఈ రెండు మాటలనూ కలిపే చెప్పాలని నా విద్యార్థులను కోరుతుంటాను.

అపోహ: పాత ఢిల్లీ అంటారు కాబట్టి అన్నిటికన్నా పాత భాగం అదే.

వాస్తవం: చాందినీ చౌక్, ఎర్రకోట, జామా మసీదు ఉన్న పాత ఢిల్లీ 17వ శతాబ్దపు షాజహానాబాదు. సుప్రసిద్ధమైన ఢిల్లీ నగరాలలో న్యూఢిల్లీని మినహాయిస్తే వయసులో అదే అన్నిటికన్నా చిన్నది. అసలు పాతదనం చూడాలంటే దక్షిణ కొసన ఉన్న మెహ్రోలీకి వెళ్లాలి. లాల్‌కోట్, కుతుబ్ మినార్ అక్కడే ఉన్నాయి. ఆ తరువాత అలాఉద్దీన్ ఖిల్జీ సిరి, ఘియాసుద్దీన్ తుగ్లక్ తుగ్లకాబాదు, అతని కుమారుడు మహమ్మద్ బిన్ తుగ్లక్ జహాన్‌పనా, ఫిరోజ్ షా ఫిరోజాబాదు, హుమాయూన్ దీన్‌పనా వరుసగా వెలిశాయి.

ఈ నగరాలు ఇలా కదలడానికి కారణం నేలలోనే ఉంది. ఆరావళి పర్వతాల ఉత్తరపు కొస ఢిల్లీలోకి వచ్చి గట్టి క్వార్ట్‌జైట్ రాతి గుట్టల వరుసగా ముగుస్తుంది. దానినే రిడ్జ్ అంటారు. తూర్పున యమున, పడమర, దక్షిణాల రిడ్జ్, ఈ రెండింటి మధ్య ముక్కోణపు నేల మీదే ఈ పట్టణాలన్నీ లేచాయి. తొలి నగరాలు రక్షణ కోసం, రాయి కోసం గుట్టలను ఆశ్రయించి నదికి దూరంగా ఉండడంతో చెరువుల మీద బతికాయి. మెహ్రోలీలో ఇల్తుత్మిష్ తవ్వించిన హౌజ్-ఎ-షమ్సీ, సిరి దగ్గర ఖిల్జీ తవ్వించిన హౌజ్ ఖాస్ అలాంటివే. 14వ శతాబ్దంలో ఫిరోజాబాదుతో నగరం నది ఒడ్డుకు దిగింది. ఒండ్రు నేలలో పుట్టి పెరిగిన మన పిల్లలకు రాయి అంటే ఎక్కడి నుంచో తెచ్చుకునే వస్తువు. తుగ్లకాబాదు గోడ కింద నిలబెట్టి, ఆ గోడ రాయి అక్కడి నేల రాయేనని చూపించినప్పుడు వారికి ఢిల్లీ భూగోళం పుస్తకం కన్నా బాగా అర్థమవుతుంది.

అపోహ: నది ఒడ్డున ఉంది కాబట్టి మన ఊళ్లలాగే ఢిల్లీకీ నీటి కొదవ ఉండదు.

వాస్తవం: గోదావరి మన దగ్గర పాయలుగా చీలి, కాలువలకు నీరిచ్చి సముద్రంలో కలుస్తుంది. యమున ఢిల్లీకి చేరేసరికే ఎగువన హర్యానాలోని హథ్నీకుండ్ బ్యారేజీ దగ్గర చాలా నీరు కాలువలకు మళ్లిపోతుంది. వేసవిలో వజీరాబాదు బ్యారేజీ దిగువన నదిలో పారేది చాలా వరకు మురుగునీరే. అందులో అతిపెద్ద వాటా తెచ్చే నజఫ్‌గఢ్ డ్రెయిను ఒకప్పుడు సాహిబీ అనే నది. తాగునీటి కోసం ఢిల్లీ యమునతో పాటు గంగ కాలువ మీదా, భాక్రా నీటి మీదా ఆధారపడుతుంది.

అయినా వరద రాదని కాదు. 2023 జులైలో పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. ఎర్రకోట గోడల దాకా నీరు వచ్చింది. ఈ అంకె విని మన ప్రాంతంలో కొందరు అంత లోతు నీరా అని కంగారుపడ్డారు. ధవళేశ్వరంలో మనం వినే 11.75, 13.75, 17.75 అడుగుల ప్రమాద హెచ్చరికలు బ్యారేజీ దగ్గరి కొలమానానివి. ఢిల్లీలో చెప్పేది సముద్రమట్టం నుంచి నీటిమట్టం ఎత్తు. అక్కడ ప్రమాద స్థాయే 205.33 మీటర్లు కాబట్టి, ఆ రోజు నది దానికి పైన మూడు మీటర్ల పైచిలుకు ఎత్తున ప్రవహించిందని అర్థం.

అపోహ: ఢిల్లీ ఉత్తరాన ఉంది కాబట్టి ఎప్పుడూ చల్లగా ఉంటుంది.

వాస్తవం: మే, జూన్ నెలల్లో పడమటి నుంచి వీచే లూ వడగాలులతో ఎండ 45 డిగ్రీలు దాటడం అక్కడ కొత్త కాదు. సముద్రం చాలా దూరం కావడంతో వేసవిలో వేడీ, జనవరిలో చలీ రెండూ తీవ్రంగా ఉంటాయి.

అపోహ: ఢిల్లీలోని అశోక స్తంభాలు, ఇనుప స్తంభం మొదటి నుంచీ అక్కడివే.

వాస్తవం: మూడూ బయటి నుంచి వచ్చినవే. కుతుబ్ ఆవరణలోని 7.2 మీటర్ల ఇనుప స్తంభాన్ని విష్ణుపదమనే గిరి మీద విష్ణుధ్వజంగా నిలిపినట్లు దాని మీది సంస్కృత శాసనమే చెబుతోంది. అందులోని చంద్రుడనే రాజు గుప్త చక్రవర్తి రెండవ చంద్రగుప్తుడేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అది తుప్పు పట్టకపోవడంలో మాయ ఏమీ లేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండడం వల్ల పైన రక్షణ పొర ఏర్పడింది.

అశోక స్తంభాలు రెండింటినీ తెప్పించినవాడు ఫిరోజ్ షా తుగ్లక్. ఒకటి మీరట్ నుంచి, రెండవది నేటి హర్యానాలోని తోప్రా గ్రామం నుంచి వచ్చాయి. తోప్రా స్తంభాన్ని తరలించిన తీరును షమ్సే సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు వివరంగా రాశాడు. స్తంభం చుట్టూ బూరుగుదూది పరిచి, మొదలు తవ్వి, దెబ్బ తగలకుండా మెల్లగా దాని మీదికి ఒరిగించారు. తల నుంచి మొదలు దాకా రెల్లు, పచ్చితోలు చుట్టారు. 42 చక్రాల బండి చేయించి, ఒక్కో చక్రానికి ఒక మోకు కట్టి, వేల మంది లాగితే అది యమున ఒడ్డుకు చేరింది. అక్కడి నుంచి పెద్ద పడవల మీద ఫిరోజాబాదు రేవుకు వచ్చింది. పంటు మీద లారీలు దాటించడం ఎరిగిన మన గోదావరి పిల్లలు కూడా, 13 మీటర్ల ఏకశిలను పడవల్లోకి ఎలా ఎక్కించి ఉంటారోనని చాలాసేపు చర్చిస్తారు. ఆ రాతి మీది లిపిని చదవగలవారు సుల్తాను కాలంలో ఎవరూ లేరు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించినప్పుడు ఎంతో తోడ్పడిన పాఠాల్లో ఈ స్తంభ శాసనం ఒకటి.

అపోహ: ఇండియా గేట్ స్వాతంత్ర్య సమరయోధుల స్మారకం.

వాస్తవం: 1931లో ప్రారంభమైన ఈ 42 మీటర్ల తోరణం మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, 1919 అఫ్గాన్ యుద్ధంలోనూ బ్రిటిషు ఇండియా సైన్యం తరఫున చనిపోయిన సైనికులది. దాని గోడల మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. 1971 యుద్ధం తరువాత, 1972లో అమర్ జవాన్ జ్యోతిని అక్కడ వెలిగించారు. 2022లో దానిని పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకపు జ్యోతిలో కలిపారు.

అపోహ: ఢిల్లీ అన్నా న్యూఢిల్లీ అన్నా ఒకటే, అదొక రాష్ట్రం.

వాస్తవం: న్యూఢిల్లీ పురపాలక మండలి పరిధి సుమారు 43 చదరపు కిలోమీటర్లు. ఢిల్లీ జాతీయ రాజధాని భూభాగం మొత్తం సుమారు 1,483 చదరపు కిలోమీటర్లు. 69వ రాజ్యాంగ సవరణతో దానికి శాసనసభ వచ్చినా అది కేంద్రపాలిత ప్రాంతమే. పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం చేతిలో ఉంటాయి.

అపోహ: నేటి ఢిల్లీ జనమంతా తరతరాలుగా అక్కడివారే.

వాస్తవం: 1941లో 9.17 లక్షలున్న జనాభా 1951 నాటికి 17.44 లక్షలైంది. దేశ విభజనలో పశ్చిమ పంజాబు, సింధు, సరిహద్దు రాష్ట్రాల నుంచి లక్షలాది శరణార్థులు వచ్చారు. తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో నగరాన్ని విడిచాయి. లజపత్ నగర్, రాజేంద్ర నగర్ వంటివి శరణార్థుల కాలనీలుగా పుట్టినవి. తూర్పు బెంగాలు నుంచి వచ్చినవారికి తరువాత చిత్తరంజన్ పార్క్ ఏర్పడింది. ఢిల్లీ మాట, వంట, పెళ్లి తంతు అని ఇప్పుడు మనకు కనిపించేదానిలో చాలా భాగం 1947 తరువాత స్థిరపడినదే. దానిని గుర్తించకుండా ఢిల్లీ సంస్కృతి గురించి మాట్లాడడం ఆ కుటుంబాలు పడిన కష్టాన్ని చెరిపేయడమే అవుతుందని నా అభిప్రాయం.

అపోహ: మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీని మనిషి మిగలకుండా దక్కనులోని దౌలతాబాదుకు ఖాళీ చేయించాడు.

వాస్తవం: 1327 ప్రాంతంలో ఉన్నతోద్యోగులు, మత పెద్దలు, వారి పరివారాలు బలవంతంగా కదలవలసి వచ్చింది. ఆ బాధ నిజం. అయితే ఢిల్లీ పరిసరాల్లో దొరికిన 1327 నాటి నారాయణా, 1328 నాటి సర్బన్ సంస్కృత శాసనాలు అక్కడి వర్తకులు కులాసాగా ఉన్నట్లే చూపుతున్నాయి. ఊరు పూర్తిగా పాడుబడిందన్న కథను అక్షరాలా నమ్మడానికి ఇవి అడ్డు వస్తాయి.

అపోహ: ఆ చరిత్రకూ మన గోదావరికీ సంబంధం లేదు.

వాస్తవం: ఈ ఒక్క మాట నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే ఆధారాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. రాజమండ్రి నడిబొడ్డున ఉన్న పాత మసీదు ద్వారం మీది పారసీక శాసనం 1324 నాటిది. ఘియాసుద్దీన్ తుగ్లక్ పాలనలో సాలార్ ఉల్వీ దానిని కట్టించినట్లు అందులో ఉంది. అంటే తుగ్లకాబాదు కట్టించిన సుల్తాను పేరు రాజమండ్రి గోడ మీదా చదవవచ్చు. అంతకు ముందు ఏడాది, 1323లో, ఓరుగల్లు పడిపోయి ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఆయనను ఢిల్లీలో చంపారని ఇప్పటికీ కొందరు చెబుతారు. కోనసీమలోని విలస గ్రామాన్ని దానం చేస్తూ ముసునూరి ప్రోలయ నాయకుడు ఇచ్చిన తామ్రశాసనం మాత్రం, ఆయన దారిలోనే సోమోద్భవ, అంటే నర్మదా నదీ తీరాన మరణించాడని చెబుతోంది. సుల్తాను దండయాత్రతో తెలుగు దేశం పడిన అవస్థనూ ఆ శాసనం వర్ణించింది. ఢిల్లీ చరిత్ర చదివేవారికి అక్కడి ఆస్థాన రచనలు ఎంత అవసరమో, ఓడినవారి వైపు నుంచి పలికిన ఈ రాగి రేకులూ అంతే అవసరం.

ఈ బంధం ఆధునిక కాలంలోనూ తెగలేదు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగ సభలో సభ్యురాలు. ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడడంలో ఆమె కృషి ప్రధానం. ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం దగ్గరి మెట్రో స్టేషనుకు ఆమె పేరే పెట్టారు.

రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లేవారికి నా సూచన ఒక్కటే. చాలామంది రాష్ట్రపతి భవన్‌తో మొదలుపెట్టి, సమయం మిగిలితే మెహ్రోలీ చూస్తారు. దానిని తిరగేయండి. మొదట మెహ్రోలీ, తరువాత తుగ్లకాబాదు, ఫిరోజాబాదు కోట అయిన ఫిరోజ్ షా కోట్ల, పురానా కిలా, షాజహానాబాదు, చివరగా రైసీనా చూస్తే నగరం గుట్టల నుంచి నది వైపు దిగి, మళ్లీ గుట్ట ఎక్కిన వరుస కళ్లకు కడుతుంది. ఎర్రకోటకు సోమవారం సెలవు కాబట్టి, రోజుల లెక్క దానిని బట్టి వేసుకోవాలి.